శనగ సాళ్లలో బంగారు గుండు

మెటల్ డిటెక్టర్ కొనబోతున్నానని చెప్తే ఎందుకు అని ఒక్కరూ అడగలేదు. ఎందుకో అందరికీ ముందే తెలుసు. నిధి కోసం. మా నంద్యాల, ఆళ్లగడ్డ పక్కల మనిషి చేతిలో ఆ యంత్రం కనిపిస్తే ఇంకో కారణం ఎవరికీ తట్టదు. పాత గుళ్ల వెనకా కొండ బిలాల దగ్గరా తవ్వుతూ పట్టుబడిన వాళ్ల గురించి పేపర్లో చదివి చదివి జనానికి అలా స్థిరపడిపోయింది. నేను బడిలో ఫిజిక్స్ చెప్పే యాభై రెండేళ్ల ఆడమనిషిని. నాకు కావలసింది రాజుల సొమ్ము కాదు. శనగ గింజంత బంగారు గుండు. అదీ మాదే.

అది భూమిలోకి ఎలా పోయిందో ముందు చెప్పాలి.

మా అత్తగారింటి పొలం ఆళ్లగడ్డకు కాస్త అవతల ఉంది. నల్లరేగడి. సేద్యం మా మరిది చూసుకుంటాడు. నేనూ మా ఆయనా ఉద్యోగాల మూలంగా నంద్యాలలో ఉంటాం. అయినా ఏటా శనగ వేసే రోజు నేను పోవాల్సిందే. తొలి సాలు విత్తనంలో బంగారం కలవాలనేది ఆ ఇంటి ఆచారం. మా అత్తకు వాళ్ల అత్త ఇచ్చిన గుండు ఒకటుంది. బోలుది కాదు, నిండుది, అర తులానికి కొంచెం తక్కువ తూగుతుంది. పెద్దకోడలు దాన్ని విత్తనంలో వేయాలి, సాలు కాగానే తీసి కళ్లకద్దుకుని దాచాలి. ఎద్దుల గొర్రు ఉన్న రోజుల్లో ఇందులో ప్రమాదమేమీ లేదు. గొర్రు వెనక నడుస్తూ దాని నెత్తిన ఉండే జడ్డిగం గిన్నెలోకి గింజలు వదిలే ఆడమనిషి ఆ గుండును చిటికెన వేలి సందున బిగించుకుని మిగతా వేళ్లతో గింజలు జారవిడిచేది. గుండు ఆమె చెయ్యి దాటి పోయేది కాదు.

తర్వాత ట్రాక్టర్ వచ్చింది. దాని వెనక తొమ్మిది గొట్టాల విత్తనాల పెట్టె వచ్చింది. ఆచారాన్ని మాత్రం ఎవరూ కూర్చుని మళ్లీ ఆలోచించలేదు. గుండును పెట్టెలో ఒక మూల గింజల మీద పెట్టి, ట్రాక్టర్ ఒక సాలు పోయి నిలబడగానే తీసేవాళ్లం. ఇన్నేళ్లు అది గొట్టంలోకి జారకుండా ఉండటం దేవుడి దయ అంటుంది మా తోడికోడలు. దేవుడికి వేరే పని లేదా అంటాను నేను. చదువుకున్నదాన్ని, గింజంత వస్తువు గింజలు పోయే దారిలోనే పోతుందని నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

మొన్నటి విత్తనం రోజున గుండును పెట్టెలో పెట్టింది నేనే. ట్రాక్టర్ కదిలింది. నేను గట్టు మీద నిలబడి మరిదితో వాదనలో పడ్డాను. ఎకరాకు గింజ ఎక్కువ పోస్తున్నాడని నా అభిప్రాయం. పొలం మొహం ఏడాదికి ఒకసారి చూసేవాళ్లకు అభిప్రాయాలు ఉండకూడదని అతని అభిప్రాయం. అది తేలేలోపు ట్రాక్టర్ ఒక సాలు పోయింది, తిరిగి రెండో సాలు కూడా వచ్చేసింది. అప్పుడు గుర్తొచ్చింది. పరుగెత్తి చూస్తే పెట్టెలో గుండు లేదు. గింజలన్నీ టార్పాలిన్ మీద పోసి ఏరాం. లేదు.

ఆ పెట్టె వెనక పలక మీద నిలబడి, గొట్టాలు పూడకుండా చూసే ఆమె ఒకరున్నారు. ఇల్లు ఊళ్లో చర్చి వెనక వీధిలో. గొర్రు కాలం నుంచి మా ఇంటి విత్తనం ఆమె చేతి మీదుగానే పడుతోంది. నాకన్నా నాలుగేళ్లు పెద్దది. నేను అక్కా అంటాను. పాతికేళ్లు ఆ గుండు ఆమె వేలి సందున తొలి సాలంతా తిరిగి నా చేతికి వచ్చింది.

అందరం టార్పాలిన్ చుట్టూ నిలబడి ఉన్నప్పుడు మా తోడికోడలు, ఎవరితోనో చెప్తున్నట్టు కాకుండా గాలికి చెప్తున్నట్టు అంది.

"పెట్టె కాడ ఆమె తప్ప ఇంగెవరుండారు?"

ఆమె తలగుడ్డ విప్పి దులిపింది. నడుముకు చెక్కుకున్న కొంగు విప్పి దులిపింది. రెండు చేతులూ చాచి వేళ్లు విడదీసి చూపించింది. అలా చేయమని ఎవరూ అడగలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. ఆ అననివాళ్లలో నేనూ ఉన్నాను. కుక్క మొరిగితే దానికీ ఎదురు సమాధానం చెప్పే మనిషినని మా ఆయన నా గురించి చుట్టాలందరికీ చెప్తుంటాడు. ఆ పూట మాత్రం నా నోరు పెగల్లేదు. ఆమె తలగుడ్డ భుజాన వేసుకుని గట్టు మీదుగా నడిచి వెళ్లిపోయింది.

మరుసటి రోజు ఆమె పనికి రాలేదు. మరిది ఇంకొకరిని పిలుచుకున్నాడు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, పక్క పొలం వాళ్లు కూడా ఆమెను పిలవడం మానేశారని చెప్పాడు. శనగ విత్తనం ఉండేదే కొన్ని వారాలు. ఆ వారాల కూలి మీదే ఆ ఇల్లు చలికాలం గడుపుతుంది. దానికన్నా పెద్ద సంగతి, ఊళ్లో విత్తనాలు పట్టే మనిషిని పిలిచేది చేతి నమ్మకం చూసే. ఆ నమ్మకం పోతే ఇంకేమీ మిగలదు.

అప్పటికి నాకు కొంచెం బుద్ధి వచ్చింది. సైకిల్ బేరింగులోని గుండు ఒకటి ఆ సైజుదే తీసుకుని పెట్టెలో వేసి ట్రాక్టర్ నడపమని మరిదితో పోరాడాను. వేశాడు. మూడో గొట్టంలోంచి పడింది.

"పడినాది వదినా," అన్నాడు ఫోన్లో. "అయితే మన గుండు గూడా అట్లే పడినాదని యాడ రాసుండాది?"

లాజిక్ నేర్పించేది నేను, నాకే తిప్పికొట్టాడు. పడటం సాధ్యం అంటే పడింది అని కాదు. మా ఆయన ఇంకో దారి చెప్పాడు. యంత్రం కొనే డబ్బుతో అలాంటి గుండే ఇంకొకటి చేయిద్దామన్నాడు. అప్పుడు ఆ అక్క దొంగ అని మేమే ఒప్పుకుని నష్టం సర్దుకున్నట్టు అవుతుందని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను. ఆ తర్వాత ఆయన ఆ విషయంలో మాట్లాడలేదు.

నాలుగు రోజులు వీడియోలు చూశాను. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో సముద్రం ఒడ్డున ఇసుకలో నాణేలు ఏరుకుంటూ తెగ ఆనందపడిపోతున్నారు. మా నల్లరేగడిలో శనగ సాళ్ల మధ్య వెతికేవాడు ఒక్కడూ లేడు. ఒక్కొక్కడు ఒక్కో యంత్రాన్ని పొగుడుతాడు. ఇది ఇంత లోతు పోతుంది, అది అంత లోతు పోతుంది అని. అందరూ లోతు గురించే. నా గుండు లోతుగా లేదు. గింజ పడేంత లోతులో, అంటే నా అరచెయ్యి వెడల్పున ఉంది. నా ఇబ్బంది లోతు కాదు, గుండు మరీ చిన్నది కావడం. ఈ ఒక్క తేడా అర్థం కావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. యంత్రం గురించి ఆలోచించడం మానేసి, వెతికే వస్తువు గురించి ఆలోచించడం మొదలుపెట్టాక గానీ అర్థం కాలేదు.

నంద్యాలలో ఒక అంగడి ఉంది. నిఘా కెమెరాలు, ఫంక్షన్ హాళ్ల వాకిట్లో మనుషుల్ని తనిఖీ చేయడానికి నిలబెట్టే తలుపు చట్రాలు అమ్ముతారు. నేలలో వెతికే యంత్రాలు కూడా మూడు రకాలు ఉన్నాయని తెలిసింది. కాగితం మీద రాసిన మాటలు నేను నమ్మను. అందుకని పొలం మన్నే తెప్పించుకుని, నా చెవి దిద్దు ఒకటి అందులో పాతి, ప్రతి యంత్రాన్నీ దాని మీద తిప్పించి చూడాలని తీర్మానించుకున్నాను. మరిది ఆళ్లగడ్డలో బస్సు డ్రైవరుకిచ్చి మన్ను పంపాడు. దాన్ని ఇంట్లో ఉన్న పాత బిస్కెట్ల డబ్బాలో పోసుకుని అంగడికి వెళ్లాను.

అంగడాయన నన్ను, నా డబ్బాను చూసి కుర్చీ దగ్గరికి జరిపి గొంతు తగ్గించాడు.

"యాడ మేడం, కొండలోనా, కోటలోనా?"

శనగ చేన్లో అన్నాను. నమ్మలేదు. నమ్మకపోతే మానె, మొదటి యంత్రం తీయమన్నాను. డబ్బాలో మన్ను కింద దిద్దు పెట్టి, యంత్రాన్ని పైన తిప్పమన్నాను. చెవులు పగిలేలా అరిచింది. నాకు సంతోషం ఆగలేదు. రెండోది కూడా అరిచింది. మూడోదీ అంతే. మూడూ ఇంత బాగా పనిచేస్తే అన్నిటికన్నా చవకదే తీసుకుంటానని బేరం మొదలుపెట్టాను. అప్పుడు ఆయన నా డబ్బాను మెల్లగా రెండు వేళ్లతో తట్టి చూపించాడు. అది రేకు డబ్బా. ఇరవై ఎనిమిదేళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఆయన నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. లోపలికి పోయి ప్లాస్టిక్ బకెట్ తెచ్చిచ్చాడు.

బకెట్లో కథ మారిపోయింది. మొదటిది వాకిళ్ల దగ్గర మనుషుల మీద తిప్పే చేతి కర్ర. దిద్దును మన్ను మీద పెడితే మోగింది, వేలెడు మన్ను కప్పితే మూగబోయింది. రెండోది పెద్ద చక్రం ఉన్నది. ఆయన నాకు అంటగట్టాలని చూసింది దాన్నే. బిందె ఉంటే ఆరడుగుల కింద ఉన్నా చెప్తుందన్నాడు. బిందె దొరికితే నువ్వే ఉంచుకో అన్నా, ముందు నా దిద్దు చూపించు అన్నాను. అది దిద్దును అసలు లెక్కే చేయలేదు. పెద్ద పెద్ద కలలు కనేవాళ్లకు చేసిన యంత్రం అది. మూడోది చిన్న చక్రం, తేలిక, చెవులకు పెట్టుకునే ఫోన్లతో వచ్చింది. దాన్ని తిప్పే ముందు చక్రాన్ని మన్ను మీద పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడించి, ఆ మన్ను గుణం దానికి అలవాటు చేయాలట. నల్లరేగడిలో ఇనుము పొడి ఎక్కువ, అలవాటు చేయకపోతే ఊరికే గొణుగుతుంది. అలవాటు చేసి, ఆరు వేళ్ల మన్ను కప్పి, తిప్పాం. సన్నగా ఒక కూత వినిపించింది. చక్రాన్ని వెనక్కి తిప్పితే మళ్లీ అదే చోట అదే కూత.

తెర మీద ఒక అంకె పడింది. బంగారం అంకె అదేనా అని అడిగాను. అంగడాయన ఈసారి నిజం చెప్పాడు. చిన్న బంగారానికీ, గుట్కా పొట్లం లోపలి తెల్ల రేకుకూ ఇంచుమించు అదే అంకె వస్తుందట. చెత్తను వదిలేసే మీట నొక్కితే రేకుతో పాటు బంగారాన్నీ వదిలేస్తుంది. కాబట్టి మోగిన ప్రతిదాన్నీ తవ్వాల్సిందే. ఓపికుందా అక్కా అన్నాడు. మేడం అక్క అయింది. ఓపిక లేదు, పంతం ఉంది అన్నాను. అది చాల్లే అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కాను. పొలానికి పోయే ముందు ఆ అక్క ఇంటికి వెళ్లాను. యంత్రం తెచ్చానని, వెతుకుతున్నానని చెప్పాలనిపించింది. చెప్తే ఆమెకు ఊరట అనుకున్నాను. ఊరట నాకే కావలసి వచ్చిందని అక్కడికి పోయాక తెలిసింది. ఆమె అరుగు మీద కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతోంది. చెప్పిందంతా విన్నది. చెరగడం ఆపలేదు.

"మంచిదిలే మ్మా. దొరికితే నేను దొంగను గాదు. దొరక్కపోతే?"

 దొరక్కపోయినా నువ్వు దొంగవు కాదు అని అనొచ్చు. ఆ మాట చెప్పాల్సిన చోటు ఆ అరుగు కాదు, టార్పాలిన్ చుట్టూ. ఆ సమయం దాటిపోయింది. వస్తానక్కా అని చెప్పి లేచాను.

పొలంలో శనగ అప్పటికే మొలిచి రెండేసి ఆకులు విప్పింది. అది నాకు మేలయింది. గుండు గింజలతో పాటే గొట్టంలోంచి పడితే మొలకల వరసలోనే ఉండాలి, పక్కన ఉండదు. మొదటి రెండు సాళ్లకూ కలిపి పద్దెనిమిది వరసలు. వరస వెంట చక్రాన్ని తిప్పుతూ పోవడమే. కాగితం మీద తేలికే. నడుము మీదికి వచ్చేసరికి సంగతి వేరు.

మొదటి ఆదివారం ఆరు వరసలు అయ్యాయి. దొరికినవి: ఎద్దు లాడాలు మూడు, లాడం మేకులు లెక్కలేనన్ని, ట్రాక్టర్ నట్టు, మందు పొట్లాల రేకులు, సీసా మూతలు. మరిది నా వెనకే తిరుగుతూ, నేను పీకిన ప్రతి మొలకనూ చూసి నిట్టూర్చాడు. గట్టు మీద జనం చేరారు. ఒకాయన సాంబ్రాణి వేసి వెతికితే తొందరగా దొరుకుతుందని సలహా ఇచ్చాడు. మరిదికి భయం పట్టుకుంది.

"వదినా, ఊరంతా నిధి అంటాండారు. పోలీసోళ్లకు ఎవురన్నా చెప్తే ఏం జేస్తావ్?"

ముందే ఊరి సచివాలయానికి పోయి, సొంత చేన్లో పోయిన సొంత సొమ్ము వెతుక్కుంటున్నామని, పాతదేదైనా బయటపడితే మొదట మీకే చెప్తామని కాగితం రాసిచ్చి వచ్చానని చెప్పాను. నిజంగానే ఇచ్చాను. అక్కడి ఉద్యోగి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, పాత లాడాలు దొరికినా చెప్పాలా మేడం అని అడిగాడు. ఏమీ అనకుండా వచ్చేశాను. నాకది అరుదు.

రెండో ఆదివారం మధ్యాహ్నం, పదమూడో వరసలో, అవతలి గట్టుకు ఇరవై అడుగులు ఉందనగా కూత వచ్చింది. సన్నది. వెనక్కి తిప్పితే మళ్లీ అక్కడే. అంతకుముందు అలాంటి కూతలు నలభై విన్నాను, నలభైకీ రేకులే వచ్చాయి. ఈసారి తవ్వలేదు. కలుపు తీసే తొలిక చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. మరిది అన్నానికి ఇంటికి పోయాడు. గట్టు మీద ఎవరూ లేరు. నాకొక్కదానికే గుండు దొరికితే, రేపు ఊళ్లో ఎవడో ఒకడు అంటాడు, నంద్యాలలో చేయించుకొచ్చి పాతిందిలే అని. అనేవాడు ఉంటాడు, ఆ స్థానంలో నేనున్నా అనేదాన్ని. కాబట్టి అందరి ముందూ తీయాలి. ఆ అక్క చేతే తీయించాలి. కానీ అందరినీ పిలిచాక, ఆమె తవ్వాక, గుట్కా రేకు బయటపడితే?

కాసేపు అటూ ఇటూ చూశాను. తర్వాత తవ్వాను.

నాలుగు వేళ్ల లోతున, ఒక శనగ మొలక వేరు పక్కన, పచ్చగా మెరిసింది. గుండు.  వేలి కొనతో మట్టి తుడిచి, అదేనని రూఢి చేసుకున్నాను.   తర్వాత గుండును ఉన్నచోటే ఉంచి, మట్టి కప్పి, మొలకను నిలబెట్టి, పక్కన పుల్ల ఒకటి గుచ్చి, మరిదికి ఫోన్ చేశాను. ఒక కూత వచ్చింది, బాగా వస్తోంది, నీ భార్యను తీసుకురా, పక్క చేను వాళ్లను పిలువు, ఆ అక్కను బండి మీద ఎక్కించుకునిరా అని. ఏమీ తెలియనట్టే చెప్పాను.

ఆమె బండెక్కలేదు. నడిచే వచ్చింది, తన పాటికి తను. వచ్చేసరికి పన్నెండుమంది దాకా పోగయ్యారు. నేను తొలిక అందించాను. ఆమె కూర్చుని పుల్ల పక్కన మట్టిని ఒకసారి చూసింది, నా మొహం ఒకసారి చూసింది, తవ్వింది. గుండు పైకి తీసి, చీర అంచుతో తుడిచి, నాకు ఇవ్వకుండా నేరుగా మా తోడికోడలి ముందుకు పోయి ఆమె అరచేతిలో పెట్టింది.

"మీదేనా కాదా, బాగ జూసుకో."

మా తోడికోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెడ్డ మనిషి కాదు. నేను మనసులో దాచుకునేవి ఆమె పైకి అనేస్తుంది, అంతే తేడా.

"మాట జారినానక్కా, మనసులో పెట్టుకోవద్దు."

"గుండు జారినాది మ్మే. మాట జార్లేదు, నువ్వే ఇసిరినావ్."

ముందు పక్క చేను పెద్దాయన నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు, మా తోడికోడలు కూడా, కళ్లు తుడుచుకుంటూనే. నేను అప్పుడు, అందరి ముందూ, ఆ రోజే చెప్పాల్సిన మాట చెప్పాను. పెట్టెలో గుండు పెట్టింది నేను, మరిచిపోయింది నేను, అక్క చేతులు చాచి చూపిస్తుంటే నోరు మూసుకుంది కూడా నేనే అని. ఆలస్యంగా చెప్పిన మాటకు గౌరవం తక్కువ. అయినా చెప్పాక ఒళ్లు తేలికైంది.

జనం విడిపోయాక ఆమె, నేను గట్టు మీద వెనకా ముందూ నడుస్తున్నాం. యంత్రం నా భుజాన ఉంది. ఆమె వెనక్కి తిరగకుండానే అడిగింది.

"చేనంతా పైమన్ను ఎండి బూడిద రంగులో ఉండాది. పుల్ల గుచ్చిన కాడ మాత్రం తడిమన్ను నల్లగా పైకుండె. ముందే తవ్వి చూసినావు గదా?"

పాతికేళ్లు ఆ నేల మీద వంగి నడిచిన మనిషి దగ్గర నేను మట్టి కప్పి మోసం చేయాలనుకున్నాను. చూశానక్కా అన్నాను.

"యంత్రం మీద నమ్మకం లేకనా, నా మీద లేకనా?"

  తెలీదక్కా అన్నాను. అది నిజం. ఆమె నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. 

"పోనీలే," అంది. "చూడకుండా ఊరందర్నీ పిలిచి, ఆడ గుట్కా రేకు బయటపడింటే, ఆ తొలికతోనే నిన్ను కొట్టింటా."

ఇద్దరం గట్టు మీద నిలబడి నవ్వాం. నాకు నవ్వు ఆగలేదు.

మూడు రోజుల తర్వాత మరిది ఫోన్ చేశాడు. ఫిర్యాదు. శనగలో కలుపుకు ఆ అక్కను పిలవబోతే, ఇంకో మూడు చేన్ల వాళ్లు ముందే చెప్పి పోయారట, మా వంతు ఇప్పట్లో రాదని చెప్పిందట. ఏందీ న్యాయం వదినా, మనింటి మనిషి గదా, నువ్వన్నా ఒక మాట చెప్పు అన్నాడు. నేను ఒక మాట చెప్పాను. ఆమె ఎప్పుడు వస్తానంటే అప్పటిదాకా నోరు మూసుకుని ఆగమని.